ఓఎఫ్‌సీ కేబుల్ ఏనుగు అడుగుల్ని నిజంగా పట్టుకుంటుందా?

గుణుపురం గౌరి | రాయగడ జిల్లా | సోమవారం రాత్రి 8:12

అందరికీ నమస్కారం. మా ఊరు గుణుపురం–పర్లాకిమిడి రైలు కట్టను ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు కట్ట పక్కన ఓఎఫ్‌సీ, అంటే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కోసం కందకం తవ్వుతున్నారు. పని చేస్తున్న కుర్రాళ్ళని మా నాన్న అడిగితే, "ఇది వేస్తే ఏనుగు ఎక్కడ నడిచినా తెలిసిపోద్ది బాబాయ్" అన్నారట. కెమెరా లేదు, మైకు లేదు. నేలలో పాతిన గాజు తీగకి ఏనుగు సంగతి ఎలా తెలుస్తుంది?

ఊరికే అడగడం లేదు. కోతలప్పుడు గుంపు వంశధార వైపు నుంచి వచ్చి మా చేను తొక్కేసింది. ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ పడుకోలేదు. డబ్బాలు కొట్టారు, టపాకాయలు కాల్చారు. ముసలివాళ్ళని బడి మేడ మీదకి ఎక్కించాం. రైలుకి ముందే తెలిసే ఏర్పాటు ఉంటే ఊరికి కూడా తెలియాలి కదా. తెలిసినవాళ్ళు చెప్పండి. నేను బడిలో లెక్కలు చెబుతాను, అంకెలతో చెప్పినా పర్వాలేదు.

జాయింట్ బాక్స్ | రాయగడ | సోమవారం రాత్రి 8:40

గౌరి గారూ, నేను ఓఎఫ్‌సీ స్ప్లైసింగ్, అంటే గాజు తీగలు అతికే పని చేస్తాను. ముందు ఒక మాట. కట్ట పక్కన తవ్విన ప్రతి కందకమూ ఏనుగుల కోసమే అనుకోకండి. సిగ్నళ్ళకి, స్టేషన్ల మధ్య ఫోన్లకి, రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్‌కి, అన్నిటికీ ఓఎఫ్‌సీయే కావాలి. ఏనుగుల కోసం ప్రత్యేకమైన గాజు ఏమీ ఉండదు. 24 కోర్ల, అంటే 24 గాజు పోగుల కేబుల్ వేస్తే, అందులో ఖాళీగా ఉన్న ఒక కోర్ చివర వేరే మెషిన్ పెడతారు. తేడా అంతే.

మా దగ్గర ఓటీడీఆర్ అని ఉంటుంది. కేబుల్ ఎక్కడో తెగిందంటే స్టేషన్ గదిలో కూర్చుని దాన్ని తగిలిస్తాం. ఇన్ని కిలోమీటర్ల ఇన్ని మీటర్ల దగ్గర తెగింది అని గీత గీసి చూపిస్తుంది. వెలుతురు పంపి, వెనక్కి వచ్చినదాన్ని బట్టి లెక్క కడుతుంది. ఏనుగుల మెషిన్ కూడా ఆ జాతిదే. మిగతాది లేజర్ మాస్టారు చెప్పాలి.

లేజర్ మాస్టారు | బరంపురం | సోమవారం రాత్రి 10:05

జాయింట్ బాక్స్ గారు సరైన చోటు నుంచే మొదలుపెట్టారు.

గాజు ఎంత శుభ్రమైనదైనా, తయారైనప్పుడు దాని లోపల అతి సూక్ష్మమైన హెచ్చుతగ్గులు గడ్డకట్టి ఉండిపోతాయి. వెలుతురు వాటికి తగిలి అన్ని వైపులకీ చెదురుతుంది. అందులో పిసరంత, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. పొగమంచులో టార్చి వేస్తే కొంత వెలుగు మన కళ్ళలోకే తిరిగొస్తుంది చూడండి, అలాగ. దీన్ని రేలీ పరిక్షేపణం అంటారు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో 1871లో వివరించిన ఆ రేలీ పేరే.

ఇక అంకెలు. గాజులో వెలుతురు వేగం సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. ఒక కిలోమీటరు వెళ్ళి రావడానికి 10 మైక్రోసెకన్లు. కాబట్టి వెనక్కి వచ్చిన వెలుతురు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. లేజర్ పల్స్ 100 నానోసెకన్లు ఉంటే దాదాపు 10 మీటర్ల ముక్కల్ని విడివిడిగా చూడొచ్చు. 40 కి.మీ. తీగ అంటే అలాంటి ముక్కలు 4,000. ఒక పల్స్ వెళ్ళి పూర్తిగా తిరిగి రావడానికి 400 మైక్రోసెకన్లు పడుతుంది, అది వచ్చాకే ఇంకోటి పంపాలి. అంటే సెకనుకి 2,500 పల్స్‌ల దాకా పంపొచ్చు. ప్రతి ముక్కనీ సెకనుకి 2,500 సార్లు పలకరిస్తున్నట్టు లెక్క.

ఓటీడీఆర్ వెనక్కి వచ్చిన వెలుతురు ఎంత ఉందో మాత్రమే చూస్తుంది. ఈ మెషిన్‌లో లేజర్ రంగు చాలా స్థిరంగా ఉంటుంది కాబట్టి ఆ వెలుతురు తరంగం ఏ దశలో ఉందో, అంటే ఎత్తులో ఉందో పల్లంలో ఉందో కూడా చూడగలదు. గుట్టంతా అక్కడే. నేల కదిలితే కేబుల్ కదులుతుంది. కేబుల్ కదిలితే ఆ 10 మీటర్ల ముక్క రవ్వంత సాగుతుంది లేదా కుంచించుకుంటుంది. తరంగం దశ మారుతుంది. 10 మీటర్ల తీగలో 10 నానోమీటర్ల మార్పు వచ్చినా గుర్తించగలిగేంత సున్నితమైన యంత్రాలు ఉన్నాయి. తల వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు.

కాబట్టి గౌరి గారూ, మైకు లేకపోవడం కాదు. తీగ పొడుగునా మైకే. అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో హెన్రీ టేలర్, ఆయన సహచరుడు ఈ పద్ధతికి 1993లో పేటెంట్ పొందారు. కంప్యూటర్లు ఇంత డేటాని నమలగలిగే స్థాయికి వచ్చాకే ఇది పొలాల దాకా వచ్చింది.

కాశీనగర్ కిరాణా | గజపతి జిల్లా | సోమవారం రాత్రి 10:31

మాస్టారూ, అయితే మా ఇంట్లో మేం మాట్లాడుకునేది కూడా వినపడుతుందా? మా కొట్టు ముందు నుంచే కేబుల్ పోయింది. నిజంగా టెన్షన్‌గా ఉంది.

లేజర్ మాస్టారు | బరంపురం | సోమవారం రాత్రి 10:50

టెన్షన్ పడకండి. మాట గాలిలో పుట్టే శబ్దం. అది మట్టిలోకి దిగి, కేబుల్ పైతొడుగు దాటి గాజు దాకా వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. మీటరు లోతున పాతిన తీగకి లారీ తెలుస్తుంది, రోకలి పోటు తెలుస్తుంది, దగ్గరగా నడిచే మనిషి అడుగు తెలుస్తుంది. మీ బేరాలు తెలియవు.

ఇంట్లోకి వచ్చే సన్న ఫైబర్ సంగతి కొంచెం వేరు. పల్చటి చెక్క మీదో డబ్బా మీదో బిగుతుగా చుట్టి ఉంటే గొంతు ప్రకంపనలు అందుకునే వీలుందని ప్రయోగాల్లో తేలింది. కానీ దానికి అవతలి కొసన లక్షల ఖరీదు చేసే ఈ యంత్రమే ఉండాలి. మీ ఇంట్లో ఉన్న మోడెమ్ ఆ పని చేయలేదు. పైగా ఒక తీగని స్ప్లిట్టర్ పెట్టి ఊళ్ళో ఇన్ని ఇళ్ళకి పంచుతారు కాబట్టి అందరి దగ్గర్నుంచి వచ్చే వెలుతురు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతుంది. ఈ భయం పెట్టుకోవడం తప్పేమీ కాదు. ఎవరు ఏ కోర్‌కి ఏ యంత్రం తగిలిస్తున్నారో అడిగే హక్కు ఊరికి ఉండాలి.

మహేంద్రగిరి | పర్లాకిమిడి | మంగళవారం ఉదయం 6:20

ఏనుగుల మాట వచ్చింది కాబట్టి. మా దగ్గర లఖారి లోయ నుంచి ఒక గుంపు 2007లో శ్రీకాకుళం జిల్లాలోకి దిగింది. అప్పటి నుంచి రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ఒడిశా ఏది, ఆంధ్రా ఏది? కానీ అటు ఫారెస్టు వాళ్ళ దగ్గర ఉన్న సమాచారం ఇటు వాళ్ళకి రావడానికి గంటలు పడుతుంది. ఏనుగు ఆ గంటల్లో రెండు ఊళ్ళు దాటేస్తుంది.

రైలు పట్టాల సంగతి గంజాం వాళ్ళకి బాగా గుర్తుండి ఉంటుంది. 2012 డిసెంబరు చివర్లో రంభ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ కింద ఏనుగులు పడ్డాయి. ఆ మర్నాడు నేను అక్కడికి వెళ్ళాను. ఆ దృశ్యం గురించి రాయలేను. ఈ కేబుల్ అప్పుడే ఉండి ఉంటే అనిపిస్తుంది.

ఒక సందేహం మాస్టారూ. ఏనుగు పాదం కింద మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది. అంత పెద్ద జంతువు పక్క నుంచి పోయినా ఆకు చప్పుడు కాదు. మరి తీగకి ఎలా తెలుస్తుంది?

లేజర్ మాస్టారు | బరంపురం | మంగళవారం ఉదయం 7:45

చాలా మంచి ప్రశ్న. మన చెవికి చప్పుడు కాకపోవడం వేరు, నేల కదలకపోవడం వేరు. ఆ దిండు ఉండబట్టే పైస్థాయి శబ్దం, అంటే టకటక లాంటిది, పుట్టదు. కానీ మూడు నాలుగు టన్నుల బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటే నేల నెమ్మదిగా కుంగి లేస్తుంది. ఆ కుంగుబాటు సెకనుకి కొద్ది సార్లు మాత్రమే జరిగే కదలిక. మన చెవి 20 హెర్ట్జ్, అంటే సెకనుకి 20 ఊపుల కింద పనిచేయదు, కేబుల్ పనిచేస్తుంది.

ఇంకో సంగతి. ఆసియా ఏనుగులు 14 నుంచి 24 హెర్ట్జ్ మధ్య, చాలావరకు మనకి వినపడని స్థాయిలో మాట్లాడుకుంటాయని కేటీ పేన్ బృందం 1986లో ప్రచురించింది. అలాంటి గుర్రుగుర్రు నేల గుండా కూడా పాకుతుందని, ఏనుగులు దాన్ని పాదాలతో అందుకుంటాయని ఆ తర్వాత పరిశోధనలు వచ్చాయి. అంటే ఈ విద్య మనకంటే ముందు వాటికే తెలుసు.

మన దేశంలో దీన్ని రైళ్ళకి వాడటం మొదలైంది కూడా. ఈశాన్య సరిహద్దు రైల్వే అలీపుర్‌దువార్ డివిజన్‌లో 2022 డిసెంబరులో పెట్టారు. 2023 నవంబరులో దాన్ని గజరాజ్ అనే పేరుతో 700 కి.మీ. మేర, రూ. 181 కోట్లతో విస్తరిస్తామని రైల్వే మంత్రి ప్రకటించారు. ఏనుగు పట్టాల వైపు వస్తే స్టేషన్ మాస్టర్‌కి, కంట్రోల్‌కి, అక్కడి నుంచి లోకో పైలట్‌కి హెచ్చరిక వెళ్తుంది.

నాగావళి ఒడ్డు | రాయగడ | మంగళవారం ఉదయం 9:10

నేను రైల్వేలో ట్రాక్ మీద పనిచేసి రిటైరైన వాడిని. ఇదంతా చదివి ఆనందంగా ఉంది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్పీడులో ఉన్న బండి బ్రేకు వేస్తే ఆగడానికి కిలోమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి. కాబట్టి ఏనుగు పట్టా మీదకి వచ్చాక తెలిసి లాభం లేదు. పట్టాకి దూరంగా ఉండగానే తెలియాలి. కేబుల్ కట్ట పక్కనే ఉంటుంది కాబట్టి ఎంత దూరం వినగలదన్నదే అసలు ప్రశ్న.

రెండోది, ఏనుగులకే దీన్ని పరిమితం చేయకండి. మా రాయగడ వైపు 2017 జూలైలో తెరుబలి–సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన వరదకి కొట్టుకుపోయింది. కొండచరియలు, బండరాళ్ళు కొత్తవలస–కిరండూల్ లైను వాళ్ళకి ప్రతి వానాకాలం ఉన్నవే. వాన పడే రాత్రి పెట్రోలింగ్‌కి వెళ్ళే మనిషి ఎంత చూడగలడు? చేతిలో లైటు, భుజాన గొడుగు, ముందు పది అడుగులు. చలికాలం తెల్లవారుజామున పట్టా కుంచించుకుని విరుగుతుంది. కీమ్యాన్ నడిచి వెళ్ళి చూడాలి. అలాంటివి ఈ తీగకి తెలుస్తాయా?

లేజర్ మాస్టారు | బరంపురం | మంగళవారం మధ్యాహ్నం 1:30

నాగావళి గారూ, బండరాయి పడటం బాగా తెలుస్తుంది. అది ఒక్కసారిగా వచ్చే గట్టి దెబ్బ, ఎక్కడ పడిందో పది మీటర్ల తేడాలో చెప్పొచ్చు. పట్టా విరిగితే దాని మీద ప్రతి చక్రం దాటినప్పుడు ఒకే చోట ఒక ప్రత్యేకమైన దెబ్బ వినిపిస్తుంది. అలాగే సొట్టపడిన చక్రం ఉంటే అది బండితో పాటు ప్రయాణం చేసే దెబ్బగా కనిపిస్తుంది. ఒకటి చోటుకి అంటుకుని ఉంటుంది, ఒకటి కదులుతుంది. తెర మీద చూస్తే రైలు ఏటవాలు గీతగా కనపడుతుంది, ఆ గీత వాలే దాని వేగం.

వంతెన కొట్టుకుపోతే కేబులే తెగుతుంది, అది మామూలు ఓటీడీఆర్‌కే తెలుస్తుంది. తెగేముందు స్తంభాల దగ్గర నీటి హోరు మారడాన్ని గమనించి హెచ్చరించడం ఇంకా కష్టమైన పని.

ఇక దూరం సంగతి. అది పూర్తిగా నేల మీద ఆధారపడుతుంది. మెత్తటి ఇసుకలో తక్కువ, గట్టి నేలలో ఎక్కువ.

పైప్‌లైన్ పక్కన | గంజాం జిల్లా | మంగళవారం రాత్రి 9:00

మాస్టారు చెప్పిన చివరి లైను మీద నేను చాలా చెప్పగలను. నేను నూనె పైప్‌లైన్ మీద లైన్ వాకర్‌ని. పారాదీప్ నుంచి హైదరాబాద్‌కి 1,200 కిలోమీటర్ల పైచిలుకు పైప్‌లైన్ మా బరంపురం మీదుగానే పోతుందని మీకు తెలిసే ఉంటుంది. నాది ఏ కంపెనీ అన్నది వదిలేయండి. పైపు పక్కనే పాతిన ఓఎఫ్‌సీతో కాపలా కాసే పద్ధతి మా రంగంలో మామూలైపోయింది. పిడ్స్ అంటారు.

అలారం రాగానే మాకు ఫోన్ వస్తుంది. ఫలానా చైనేజీ (కిలోమీటరు గుర్తు) దగ్గర తవ్వకం, వెళ్ళి చూడు అని. జేసీబీ అయితే ఒకలాంటి గుర్తు, గునపంతో తవ్వితే ఇంకోలాంటి గుర్తు. గునపం దెబ్బ అయితే ఆగి ఆగి, సరిగ్గా ఒకే చోట పడుతుంది. మనిషి అలసి చేయి మారుస్తాడు చూడండి, ఆ విరామం కూడా తెర మీద కనపడుతుంది. కంట్రోల్ రూంలో చూపించినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

కానీ మొదట్లో వచ్చే అలారాల్లో చాలావరకు అసలువి కావు. రైతు ట్రాక్టర్ దున్నుతాడు, గేదెలు తొక్కుతాయి, బోరు మోటారు ఆడుతుంది, వడగళ్ళు పడతాయి. ప్రతిదానికీ పరిగెత్తాలి. నిజంగా పరిగెత్తాలి, ఎందుకంటే ఏది అసలుదో మనకి తెలియదు. వెళ్ళి చూసి, ఇది ట్రాక్టర్, ఇది మోటారు అని మేం తిరిగి చెబితేనే కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఎండాకాలం నేర్చుకున్నది నాట్లు పడగానే మళ్ళీ తడబడుతుంది. చేలో నీళ్ళు నిలిస్తే నేల వేరేలా పలుకుతుంది. అన్ని కాలాలూ ఒకసారి తిరిగేదాకా ఓపిక పట్టాలి.

కాబట్టి ఏనుగుల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. పల్లెలో ఎవరో ఒకరు వెళ్ళి "అవును, ఏనుగే" అనో "కాదు, గొడ్లు" అనో చెప్పాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. యంత్రం టెండర్‌లో ఆ మనిషి జీతం రాయరు.

మహేంద్రగిరి | పర్లాకిమిడి | మంగళవారం రాత్రి 9:25

పైప్‌లైన్ అన్నా, చివరి రెండు వాక్యాలు వెయ్యి మందికి చదివి వినిపించాలి. ఒడిశాలో గజసాథి అని గ్రామాల్లో వాలంటీర్లు ఉన్నారు. అటు ఆంధ్రాలో ట్రాకర్లు ఉన్నారు. రాత్రంతా గుంపు వెనక నడిచేది వాళ్ళే. ఏ వాన కాలువలో దిగుతాయో, ఏ పనస తోట వాసన పట్టాయో వాళ్ళకి తెలుసు. అలారం ముందు వాళ్ళ ఫోన్లకి వెళ్ళాలి.

సిరివంచ చిన్నోడు | గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర | బుధవారం ఉదయం 7:05

మేం ప్రాణహిత ఒడ్డున ఉంటాం. మాకు ఏనుగుల కంటే భూకంపం మీద ఆసక్తి. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ముందు మంచం ఊగింది, గిన్నెలు పడ్డాయి, అందరం రోడ్డు మీదకి వచ్చేశాం. కేంద్రం ములుగు వైపు, 5.3 తీవ్రత అని తర్వాత తెలిసింది. ఈ కేబుళ్ళతో భూకంపం కూడా తెలుస్తుందా? మాకు ఇంటర్నెట్ కేబుల్ మాత్రం భూమిలో కాదు, స్తంభాల మీద పోయింది.

ధర్మాబాద్ దత్తు | నాందేడ్ జిల్లా | బుధవారం ఉదయం 8:15

తమ్ముడూ, ఆ రోజు మా దగ్గరా ఊగింది. నాది పాత భయం. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము నాలుగు కాకముందు, కిల్లారి. మా పెద్దమ్మ వాళ్ళది లాతూరు వైపు. రాతి గోడలు, పైన మట్టి కప్పులు. నిద్రలోనే పోయారు. కొద్ది సెకన్ల ముందు తెలిసినా ఎంతోమంది బయటికి వచ్చేవాళ్ళు. అందుకే మాస్టారు చెప్పేది జాగ్రత్తగా చదువుతాను.

లేజర్ మాస్టారు | బరంపురం | బుధవారం రాత్రి 8:30

దత్తు గారూ, మీ వాళ్ళ సంగతి చదివి మనసు కలుక్కుమంది. తప్పుడు ఆశ పెట్టకుండా చెబుతాను.

భూకంపంలో రెండు అలలు బయల్దేరతాయి. ముందుది పైపొరల్లో సెకనుకి దాదాపు 6 కి.మీ. వస్తుంది, పెద్దగా నష్టం చేయదు. గోడలు కూల్చేది రెండోది, సుమారు 3.5 కి.మీ. వేగంతో వస్తుంది. 60 కి.మీ. దూరంలో ఉన్నవాళ్ళకి రెండింటి మధ్య 7 సెకన్లు. కేంద్రం దగ్గరే ఉన్న ఊరికి దాదాపు ఏమీ ఉండదు. కిల్లారి లాంటిది నేరుగా ఊళ్ళ కిందే పుట్టింది. అక్కడ కాపాడేది గట్టి గోడలే, ఏ కేబులూ కాదు.

కేబుల్ మేలు చేసేది ఇంకోలా. మన దక్కను ప్రాంతంలో భూకంపాల్ని నమోదు చేసే స్టేషన్లు దూరదూరంగా ఉన్నాయి. వాటి మధ్య ఉన్న చిన్న పగుళ్ళ మీద చాలా తక్కువ సమాచారం ఉంది. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో సముద్రం అడుగున ఉన్న శాస్త్ర పరిశోధనల కేబుల్‌లో 20 కి.మీ. ముక్కని నాలుగు రోజులు ఇలా వాడి, అప్పటిదాకా పటంలో లేని పగుళ్ళని గుర్తించారు. స్వాల్‌బార్డ్ దగ్గర తిమింగలాల పాటలు కూడా ఇలాగే విన్నారు. గోదావరి లోయలో నేల కింద ఏముందో తెలుసుకోవడానికి ఇప్పటికే పాతి ఉన్న తీగలు ఎంతో పనికొస్తాయి. 1969లో భద్రాచలం దగ్గర, 2024లో ములుగు దగ్గర కంపించింది ఆ లోయే.

చిన్నోడూ, స్తంభాల మీది కేబుల్‌ని పూర్తిగా పనికిరాదని అనకు. అమెరికాలో ప్రిన్స్‌టన్ దగ్గర 2021లో 17 ఏళ్ళకొకసారి బయటికి వచ్చే కీచురాళ్ళ హోరుని స్తంభం దగ్గర వేలాడే ఫైబర్‌తో రికార్డు చేశారు. గాలిలో ఉన్న తీగ గాలిలో శబ్దమే వింటుంది. నేల సంగతి స్తంభం గుండా కొంత వస్తుంది కానీ గాలి ఊపితే అది కాస్తా మునిగిపోతుంది. భూకంపానికి, ఏనుగుకి పాతిన తీగే మేలు.

గుణుపురం గౌరి | రాయగడ జిల్లా | గురువారం సాయంత్రం 6:10

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. లెక్క బాగా అర్థమైంది. ఈ రోజు తొమ్మిదో తరగతి పిల్లలకి 40 కిలోమీటర్ల లెక్క బోర్డు మీద వేసి చూపించాను. 2,500 వచ్చేసరికి వాళ్ళ ముఖాలు చూడాలి.

సాయంత్రం నాన్నతో కట్ట వెంట నడిచి చూశాం. చాలా దూరం మట్టిలోనే ఉంది. పైన హెచ్చరిక టేపు, దాని కింద నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు. కానీ మా చేల వెనక కల్వర్టు దగ్గర కేబుల్ పైకి వచ్చి, ఇనుప పైపులో, గోడకి క్లాంపులు బిగించి పోతోంది. గుంపు దిగి వచ్చేది సరిగ్గా ఆ వాగు దారిలోనే. అక్కడ వినపడుతుందా?

జాయింట్ బాక్స్ | రాయగడ | గురువారం రాత్రి 8:00

బాగా చూశారు గౌరి గారూ. అక్కడ వినపడటం కష్టం. ఇనుప పైపులో కేబుల్ వదులుగా పడి ఉంటుంది, మట్టి ఆనదు. రైలు పోతే కల్వర్టు మొత్తం మోగుతుంది కాబట్టి అది వింటుంది. వాగులో నడిచే ఏనుగు వినపడదు. హెచ్‌డీపీఈ పైపులో ఊదిన కేబుల్ కూడా నేరుగా మట్టిలో పాతిన ఆర్మర్డ్ (ఉక్కు తొడుగు) కేబుల్ అంత బాగా వినదు, కానీ పనిచేస్తుంది.

ఇంకో చిక్కు. కేబుల్ పొడుగు, దారి పొడుగు ఒకటి కాదు. ప్రతి జాయింట్ దగ్గర గోతిలో మేం చుట్టలు చుట్టి వదులుతాం, రేపు తెగితే లాగి అతకడానికి. అలాంటివి దారి పొడుగునా ఉంటాయి. మెషిన్ 12.4 కి.మీ. అంటే నేల మీద అది 12.1 కావచ్చు. ఏనుగు కల్వర్టు దగ్గర ఉంటే అలారం పక్క ఊరికి పోతుంది. అందుకని ట్యాప్ టెస్ట్ చేస్తారు. ఒక మనిషి సుత్తి పట్టుకుని కట్ట వెంట నడుస్తూ రాయి దగ్గర, గేటు దగ్గర, కల్వర్టు దగ్గర నేల మీద కొడతాడు. గదిలో ఉన్నవాడు ఫోన్‌లో "వచ్చింది, 12,387" అంటాడు. రెండూ పక్కపక్కన రాసుకుంటారు. మీ ఊరి మీదుగా ఆ టెస్ట్ జరిగిందో లేదో అడగండి. జరగకపోతే ఆ అంకెల్ని నమ్మకండి.

నాగావళి ఒడ్డు | రాయగడ | గురువారం రాత్రి 8:35

జాయింట్ బాక్స్ బాబూ, మరి ఆ కల్వర్టుకి మార్గం లేదా? ఏనుగులు ఎప్పుడూ వాగుల వెంటే దిగుతాయి. వాగు ఉన్న ప్రతి చోటా కల్వర్టు ఉంటుంది. అంటే అసలు కావలసిన చోటల్లా కేబుల్ చెవిటిదన్నమాట.

జాయింట్ బాక్స్ | రాయగడ | గురువారం రాత్రి 9:05

ఉంది మావయ్యా. కల్వర్టుకి దగ్గరలో ఉన్న జాయింట్ విప్పి, ఆ ఖాళీ కోర్‌ని తెంపి, వేరే ఆర్మర్డ్ కేబుల్‌తో అతికించాలి. ఆ కేబుల్‌ని కట్టకి దూరంగా వాగు పైకి, గుంపు వచ్చే వైపు నాలుగైదు వందల మీటర్లు నేరుగా మట్టిలో పాతాలి. అందులోనే ఒక కోర్ మీద వెళ్ళి ఇంకో కోర్ మీద వెనక్కి వచ్చి, మళ్ళీ అసలు లైన్‌లో కలుస్తుంది. మెషిన్‌కి అది ఒకే పొడుగాటి తీగ. మీరు ఇందాక అడిగారు కదా పట్టాకి దూరంగా ఉండగానే తెలియాలని, దానికీ ఇదే జవాబు. స్ప్లైసింగ్‌కి ఒక పూట చాలు. కందకం తవ్వకానికే ఖర్చు. భూమి ఫారెస్టుదైతే వాళ్ళ అనుమతి కావాలి.

లేజర్ మాస్టారు | బరంపురం | గురువారం రాత్రి 9:40

చక్కటి ఉపాయం. ఒక్కటి చూసుకోండి, అతుకులు ఎక్కువైతే వెలుతురు తగ్గుతుంది. 50 కి.మీ. వెళ్ళి రావడానికే 20 డెసిబెల్స్ పోతాయి, అంటే పంపినదాంట్లో వందో వంతే మిగులుతుంది. మంచి స్ప్లైస్‌కి 0.05 డెసిబెల్ దాటకూడదు. కొసన పచ్చ రంగు ఏపీసీ కనెక్టరే వాడాలి, నీలం రంగుది పెడితే అక్కడ నుంచి తిరిగొచ్చే మెరుపు పక్క ముక్కల్ని గుడ్డివి చేస్తుంది.

గౌరి గారూ, మీరు పంచాయతీ తరఫున కాగితం పెడితే నేను రాసిపెడతాను. అందులో ఇవి అడుగుదాం. ఏ కోర్ ఖాళీగా ఉంది, ట్యాప్ టెస్ట్ ఎప్పుడు, కల్వర్టు దగ్గర పక్క తీగ వేస్తారా, రాత్రి అలారం ఊళ్ళో ఎవరి ఫోన్‌కి వస్తుంది, వెళ్ళి చూసొచ్చే మనిషికి ఎంత ఇస్తారు.

గుణుపురం గౌరి | రాయగడ జిల్లా | గురువారం రాత్రి 10:15

తప్పకుండా పెడతాం మాస్టారూ. ఒడియాలో ఒక కాపీ, ఇంగ్లీషులో ఒక కాపీ కావాలి. ఒడియాది నేను రాస్తాను. మహేంద్రగిరి గారూ, పర్లాకిమిడి వైపు ఊళ్ళ పంచాయతీలు కూడా ఇదే కాగితం పెట్టేలా చూడగలరా? కల్వర్టుల జాబితా నాన్న, నేను ఆదివారం నడిచి తయారుచేస్తాం.

మహేంద్రగిరి | పర్లాకిమిడి | గురువారం రాత్రి 10:22

చూస్తాను అమ్మా. కాశీనగర్ నుంచి ఇటు ఉన్నవి నాకు వదిలేయండి. గజసాథి కుర్రాళ్ళని కూడా వెంట తీసుకెళ్తాను, ఏ వాగులో దిగుతాయో వాళ్ళే చూపిస్తారు. ఆ కల్వర్టులకి ఎర్ర గుర్తు వేసి జాబితా ఇక్కడే పెడతాను.